‘సూర్యుడు అస్తమించాడు’: పాటలో లోతైన అర్థం ఎక్కడి నుంచి వస్తుంది?

క్లుప్తంగా

సినిమా పాటల్లో, నవలల్లో, టీవీ షోల్లో దాగిన అర్థాన్ని విప్పి చెప్పే వీడియోలు, పోస్టులు ఇప్పుడు ఎక్కడ చూసినా ఉన్నాయి. వాటి కిందే ‘నిజంగా ఇంత ఉందా, మీరే ఊహించుకున్నారా?’ అన్న పేచీ కూడా నడుస్తోంది. తెలుగు వాక్యం కర్తను దాచుకోగలగడం, పాట తన సన్నివేశాన్ని వదిలేసి తిరగడం, వినేవాళ్లు తమ సందర్భాన్ని దానికి తగిలించడం ఈ లోతుకు ముఖ్యమైన కారణాలు. మాటలు కష్టంగా ఉండటానికీ లోతుకూ అనుకున్నంత చుట్టరికం లేదు. పాట అర్థం గురించి చేసే వ్యాఖ్యనూ, పాట పుట్టుక గురించి చెప్పే కథనూ ఒకే గాట కట్టేయడం వల్ల గందరగోళం పెరుగుతోంది.

తాత్పర్యం రాసే అలవాటు

సాయంత్రం ఒక పాట విడుదలైతే తెల్లారేసరికి దాని ‘అసలు అర్థం’ వచ్చేస్తోంది. పల్లవిలో నది అంటే కాలం అని ఒకరు, కాదు నాయిక మనసు అని ఇంకొకరు, రెండూ కాదు కుండలిని అని మూడో మనిషి. కొత్తగా మొదలైన పిచ్చిలా కనిపిస్తుంది గానీ, దీని పునాది బడిలోనే పడింది. తెలుగు వాచకంలో పద్యం వస్తే ముందు ప్రతిపదార్థం, తర్వాత తాత్పర్యం, ఆపైన విశేషాలు. పరీక్షలో సందర్భసహిత వ్యాఖ్య. పద్యం ఒక తాళం వేసిన పెట్టె, తాత్పర్యం దాని తాళంచెవి అన్న ఊహ పదేళ్ల బడి చదువులో బాగా నాటుకుంటుంది. ‘కవి హృదయం ఏమిటంటే’ అనే మాట మాస్టారి నోట ఎన్నిసార్లు వినివుంటారో లెక్కలేదు. చదువు అయిపోయాక పద్యాలు పోతాయి, అలవాటు మిగులుతుంది. అది పాటల మీదికి మళ్లుతుంది.

అయితే ఆ పద్ధతిలో ఒక చిక్కుంది. తాత్పర్యం ఎప్పుడూ ఒకటే ఉంటుంది, మార్కులు దానికే. పాటలు అలా ప్రవర్తించవు.

కాశ్మీరంలో వెయ్యేళ్ల నాటి ఉదాహరణ

మన అలంకారశాస్త్రం ఈ సంగతిని చాలా ముందే గమనించింది. తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరానికి చెందిన ఆనందవర్ధనుడు ‘ధ్వన్యాలోకం’లో, మాట నేరుగా చెప్పే అర్థం వేరు, అది తోపింపజేసే అర్థం వేరు అని వాదించాడు. ఆ రెండో దానికే ధ్వని అని పేరు. అతని తర్వాత వచ్చిన మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో ఒక చిన్న వాక్యం తీసుకున్నాడు: సూర్యుడు అస్తమించాడు.

ఈ మాట ఎవరు ఎవరితో అన్నారన్న దాన్నిబట్టి వచ్చే అర్థాల చిట్టా ఇస్తాడు. సైన్యంలో అంటే శత్రువు మీద పడే వేళైందని. చెలికత్తె నాయికతో అంటే ప్రియుడి దగ్గరికి బయల్దేరమని. పనివాళ్లలో ఒకడంటే ఇక పని ఆపుదామని. పశువుల కాపరుల మధ్య అయితే మందను ఇంటికి తోలమని. బ్రాహ్మణుడికి సంధ్యవార్చే వేళ. అంగట్లో సరుకు సర్దేసే వేళ. ఎదురుచూసి విసిగిన ఆడమనిషికైతే, ఇవాళ కూడా అతను రాలేదని.

వాక్యంలో ఒక్క అక్షరం మారలేదు. కష్టమైన పదం ఒక్కటీ లేదు. అయినా అర్థాలు ఇన్ని. అలాగని ఏ అర్థమైనా చెల్లుతుందని మమ్మటుడు అనలేదు. చెప్పేవారు, వినేవారు, స్థలం, వేళ, గొంతులో స్వరం వంటివి కలిసి ఒక్కో అర్థాన్ని పైకి తెస్తాయి అన్నాడు. పాటల మీద జరిగే నేటి వాదాల్లో చాలావరకు ఈ పట్టీలోకే వస్తాయి: పాట ఒకటే, వింటున్నవాళ్లలో ఒకరు కాపరి, ఒకరు నాయిక.

కర్త లేని వాక్యం

తెలుగుకు దీనిలో ఒక అదనపు సౌకర్యం ఉంది. ‘వచ్చింది’ అన్నామంటే ఎవరు? అమ్మాయి కావచ్చు, వాన కావచ్చు, నిద్ర, జ్ఞాపకం, బస్సు, చావు ఏదైనా కావచ్చు. ఆడవారికీ, మనిషి కాని వాటికీ ఏకవచనంలో క్రియ ఒకటే. కర్తను చెప్పకుండా వదిలేసినా వాక్యం నిండుగానే ఉంటుంది. ఇక ‘నువ్వు’ సంగతి చెప్పనక్కర్లేదు. ‘నువ్వు రాలేదు’ అన్న మాటలో ఎదుటివ్యక్తి ఆడో మగో తెలియదు, మనిషో దేవుడో తెలియదు. హిందీలో అదే మాట అనాలంటే క్రియ ఆడో మగో చెప్పేస్తుంది. తెలుగు పాట ఆఖరి చరణం దాకా ఆ గుట్టు విప్పకుండా నడవగలదు.

‘స్వామి’ అన్న మాట ఇంకో ఉదాహరణ. దేవుడు, భర్త, యజమాని, సన్యాసి అందరూ దానిలో ఇముడుతారు. భక్తి పాటనూ ప్రేమ పాటనూ వేరుచేసే గోడ ఈ భాషలో ఎప్పుడూ పలచనే.

ఆ గోడను మన పాత వాగ్గేయకారులు తెలిసే వాడుకున్నారు. పదిహేనో శతాబ్దపు అన్నమాచార్యుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. వాటిలో అధ్యాత్మ సంకీర్తనలు వేరు, శృంగార సంకీర్తనలు వేరు. ఏది ఏ కోవదో రేకులమీదే పేరుపెట్టి విడదీశారు. అంటే ఆనాటికే ఇది శృంగారం, ఇది వేదాంతం అని చెప్పాల్సిన అవసరం కనిపించిందన్నమాట. పల్లెల్లో పాడే తత్త్వాలు ఇంకో దారి పట్టాయి. అక్కడ చిలక అంటే జీవుడు, పంజరం అంటే దేహం, తొమ్మిది వాకిళ్ల ఇల్లు అంటే నవరంధ్రాల శరీరం. ఆ గుర్తులు పాడేవాళ్లకూ వినేవాళ్లకూ ముందే తెలుసు కాబట్టి తగాదా లేదు. సినిమా పాటలో చిలక కనబడగానే జీవాత్మ అనేవాళ్లు ఈ తత్త్వాల పద్దు తెచ్చి వేరే ఖాతాలో రాస్తున్నారు. ఒక్కోసారి అది సరిపోతుంది కూడా.

గౌరవం కోసం వచ్చే లోతు

లోతు కొన్నిసార్లు గౌరవం కోసం కూడా వస్తుందనడానికి, పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల (నాయిక నోట సాగే శృంగార పాటల) కథ మంచి సాక్ష్యం. దాదాపు ప్రతి పదంలో మువ్వగోపాలుడి పేరు ఉంటుంది. మాట్లాడేది ఎక్కువగా నాయిక. ఆమె అలుగుతుంది, సవతిని తిడుతుంది, వచ్చినవాడిని గుమ్మంలో నిలదీస్తుంది, కొన్నిచోట్ల రొక్కం లెక్క కూడా తేలుస్తుంది. ఈ పదాలను తరతరాలుగా నిలబెట్టినవాళ్లు దేవదాసీలు, కళావంతులు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వ్యవస్థకు వ్యతిరేకంగా ఉద్యమం నడిచి, 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం కూడా వచ్చింది. పదాలు ఇళ్ల నుంచి, పెళ్లి మేళాల నుంచి సంగీత సభల వేదికల మీదికి వచ్చాయి. ‘ఇది జీవాత్మ పరమాత్మ కోసం పడే తపన’ అన్న వివరణ ఆ కొత్త వేదికకు బాగా అవసరమైంది.

ఆ వివరణ ఉత్తిదని కాదు. దేవుణ్ణి ప్రియుడిగా భావించే మధురభక్తి సంప్రదాయంలో దానికి చోటుంది, మువ్వగోపాలుడు దేవుడే కూడా. కాకపోతే లోతైన అర్థం అప్పుడప్పుడు ప్రవేశపత్రంలా కూడా పనిచేస్తుందని ఇక్కడ తెలుస్తోంది. జీవుడూ దేవుడూ అనగానే రొక్కం లెక్క అడిగే నాయిక కనుమరుగవుతుంది. ఇవాళ ఒక మాస్ పాటను పట్టుకుని ‘నిజానికి ఇది అద్వైతం’ అని రాసేవారిలో కొందరి అవసరం కూడా ఇలాంటిదే. నచ్చిన పాటను నలుగురిలో నచ్చిందని చెప్పుకోవడానికి ఒక మర్యాద కావాలి.

కష్టమైన పాట, లోతైన పాట

సిరివెన్నెల సీతారామశాస్త్రి పాటలు రెండు పక్కపక్కన పెడితే ఇంకో సంగతి తేలుతుంది. ఒకటి 1986లో కె. విశ్వనాథ్ తీసిన ‘సిరివెన్నెల’లోని ‘విధాత తలపున’. రెండోది 2005లో కృష్ణవంశీ తీసిన ‘చక్రం’లోని ‘జగమంత కుటుంబం నాది’.

మొదటి పాట నిండా సంస్కృత సమాసాలే. విన్నవాళ్లలో చాలామందికి మొదటిసారి సగం మాటలు అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే లోతుగా తోచింది. కానీ విరించి అంటే బ్రహ్మ, విపంచి అంటే వీణ అని తెలిసి, సమాసాలు విడదీసుకున్నాక మిగిలే అర్థం స్పష్టమైనది, దాదాపు ఒక్కటే: సృష్టి మొదట పుట్టిన నాదమే ఈ పాట, సృష్టికర్త చేసే పనే కవీ చేస్తున్నాడు. దానిలో తగాదా పడటానికి పెద్దగా ఏమీ లేదు. తాళంచెవి దొరికితే తెరుచుకునే పెట్టె అది. బడి పద్ధతి ఇక్కడ చక్కగా పనిచేస్తుంది.

ఇంకో పొర మాత్రం మాటల్లో లేదు, సినిమాలో ఉంది. ఆ కథలో వేణువు వాయించే హరికి చూపు లేదు. కళ్లలో విశ్వరూపం ప్రతిబింబించడం గురించిన మాట అలాంటి మనిషి పాటలో వస్తోంది. సినిమా చూడకుండా పాట ఒక్కటే విన్నవారికి నిఘంటువు ఎంత తిరగేసినా ఇది దొరకదు.

రెండో పాటలో నిఘంటువు చూడాల్సిన మాట లేదు. పల్లవి మొదటి సగం లోకమంతా నా కుటుంబమే అంటుంది, రెండో సగం నాది ఒంటరి బతుకు అంటుంది. ఒకదాన్నొకటి కొట్టేసే రెండు మాటలు, వాటి మధ్య ‘కానీ’ లేదు, ‘అయినా’ లేదు, ‘అందుకే’ లేదు. ఆ లేని మాట వినేవాళ్లు పూరించుకోవాలి. ‘అందుకే’ అని పూరిస్తే వేదాంతం: అందరూ తనవాళ్లైనవాడికి ప్రత్యేకంగా తనవాళ్లంటూ ఎవరూ ఉండరు. ‘అయినా’ అని పూరిస్తే ఊరు వదిలి నగరంలో అద్దె గదిలో ఉంటున్న మనిషి దిగులు. ‘కానీ’ అంటే పదిమందిలో ఉంటూ ఒంటరిగా రాసుకునే కవి. మూడూ ఆ మాటలు మోయగల అర్థాలే. విధాత పాట ఎంత కష్టమైనా దానికి ఇలాంటి ఖాళీ లేదు.

సన్నివేశం రాలిపోయాక

‘చక్రం’లో ఆ పాట పాడే కథానాయకుడికి చావు దగ్గరపడింది. సినిమా చూసినవారికి ఏకాకితనం అంటే అదే. కానీ సినిమా పెద్దగా ఆడలేదు, పాట ఇంకా తిరుగుతోంది. దాన్ని తమ పాటగా చెప్పుకునేవారిలో చాలామంది ఆ సన్నివేశం చూసి ఉండరు. చావు రాలిపోయి, ఒంటరితనం మిగిలింది.

సినిమా పాట మొదటి నుంచీ ఇలా విడిపోవడానికి సిద్ధంగానే తయారవుతుంది. దర్శకుడు సందర్భం చెబుతాడు, సంగీత దర్శకుడు బాణీ కడతాడు, తానన్నల మీద రచయిత మాటలు కూరుస్తాడు. పాత రోజుల్లో మాట ముందు పుట్టి బాణీ తర్వాత వచ్చిన పాటలూ ఎన్నో ఉన్నాయి గానీ, ఇప్పుడు ఎక్కువగా బాణీదే ముందు వరస. బాణీకి సరిపోవాలంటే పాత్ర పేరు, ఊరి పేరు వంటివి ఇరకవు. మనసు, కల, దారి, వెన్నెల వంటి మాటలు ఎక్కడైనా ఇముడుతాయి. పైగా పల్లవి సినిమాతో పని లేకుండా నిలబడాలి, ఎందుకంటే పాట సినిమా కంటే ముందే బయటికి వస్తుంది. అందుకే అందులో ఎవరి కథైనా పట్టేంత చోటు మిగులుతుంది.

ఆ చోటును పెంచింది పాట తిరిగిన దారులే. థియేటర్ దగ్గర అమ్మిన పాటల పుస్తకంలో కథ సగం చెప్పి ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసేవారు, పాటలు మాత్రం పూర్తిగా వేసేవారు. రేడియోలో వచ్చేసరికి ఆ సగం కథ కూడా పోయింది. సినిమా పేరు, పాడినవారి పేరు, ఉత్తరం రాసిన శ్రోతల పేర్లు, అంతే. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాట వెనకున్న సంగతులు, ఫలానా మాటను ఎందుకు అలా పలకాలో చెప్పడం అలవాటు చేశారు. రాలిపోయిన సందర్భాన్ని మళ్లీ అతికించే పని అది. ఇప్పటి వివరణ వీడియోలకు పెద్దన్న ఆ కార్యక్రమమే అనవచ్చు. తేడా ఏమిటంటే, ఆయన చెప్పినవాటిలో చాలావరకు రికార్డింగ్ థియేటర్‌లో ఉండి చూసినవి.

సందర్భం పోతే పాట పదును కూడా మారుతుంది. 1993 నాటి ‘గాయం’లో ‘నిగ్గదీసి అడుగు’ పాట నాయకుడినో పార్టీనో తిట్టదు, సిగ్గులేని ‘ఈ’ జనాన్ని నిలదీయమంటుంది. ఆ ‘ఈ’ ఎటు చూపిస్తే అటే. సినిమాలో అది ఒక ఊరి వీధుల వైపు తిరిగింది. సోషల్ మీడియాలో ఎవరు వాడుకుంటే వాళ్లకు ఎదురుపక్షం వైపు తిరుగుతుంది. పాట తిడుతున్న జనంలో తామూ ఉన్నామన్న సంగతి వాడుకునేవారికి తట్టదు. పాట కోపమంతా ఆ సంగతి మీదే అయినా.

నాటు: అర్థం దాటని చోట శబ్దం దాటింది

2023 మార్చిలో ఆస్కార్ గెలిచిన ‘నాటు నాటు’ దీనికి పూర్తిగా ఎదురు కోవ. చంద్రబోస్ రాసిన ఈ పాటకు కీరవాణి సంగీతం. తెలుగు తెలియని కోట్లమంది దీన్ని విన్నారు, ఎగిరారు. కానీ ‘నాటు’ అన్న ఒక్క మాటను వేరే భాషలోకి తేవడం అయ్యే పని కాలేదు.

తెలుగులో ఆ మాట చుట్టూ ఎన్ని ఉన్నాయో చూడాలి: నాటు కోడి, నాటు సారా, నాటు వైద్యం, నాటు తుపాకి. ఊళ్లోదే, చేత్తో చేసిందే, ఘాటైనదే, లైసెన్సు లేనిదే. మనిషిని పట్టుకుని ‘నాటుగా ఉన్నాడు’ అంటే నాజూకు లేనివాడని చిన్నచూపు. సినిమాలో తెల్లదొరల విందులో మీకు నాట్యం ఏం తెలుసని ఒకడు హేళన చేశాకే ఈ పాట మొదలవుతుంది. అంటే చిన్నచూపు మాటనే పట్టుకుని అదే మా గొప్ప అనడం. పాటలో పోలికలన్నీ జొన్నరొట్టె, మిరపతొక్కు, మర్రిచెట్టు కింద కుర్రాళ్ల గుంపు వంటివే. దొరల భోజనాల బల్ల మీద చోటు దొరకనివి. నాట్లు వేయడం అనే క్రియ కూడా దీనిలో ఉందని, ఇది మట్టిలో నాటుకోవడం గురించేనని కొందరు చెబుతారు. అందమైన ఊహే గానీ, పోలికలను వరసగా చదివితే పాట దానికి సాయం చేయదు.

ఈ పాటకు ఎవరూ ఉద్దేశించని అర్థం ఒకటి తర్వాత వచ్చి చేరింది. దీన్ని 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో, అధ్యక్ష భవనమైన మరీన్‌స్కీ ప్యాలెస్ ముందు తీశారు. 2022 ఫిబ్రవరిలో అక్కడ యుద్ధం మొదలైంది. ఆ నీలి గోడల భవనం ముందు దుమ్ము రేపుతూ ఎగిరే దృశ్యం ఆ తర్వాత చూసినవారికి వేరేగా కనిపించింది. రాసినవారికీ తీసినవారికీ సంబంధం లేదు. అర్థాన్ని చరిత్ర తెచ్చి పెట్టింది. ‘కవి హృదయం’ పద్ధతికి ఈ రకం అర్థం అందదు.

పుస్తకాలు, షోలు

నవల తన సందర్భాన్ని తనతోనే మోసుకొస్తుంది కాబట్టి అక్కడ ఖాళీ తక్కువ. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’లో సర్పం పడగలు దేనికి గుర్తో, చివరికి మిగిలే రెండు పడగలు దాంపత్యానికి ఎలా గుర్తో నవలే చెబుతుంది. దానితో ఏకీభవించకపోవచ్చు, తగాదా పడవచ్చు. కానీ గుర్తు ఏమిటన్న దాని మీద అనుమానం లేదు. చలం ‘మైదానం’ అలా కాదు. 1927 నాటి ఆ నవలలో రాజేశ్వరి తన కథ తానే చెప్పుకుంటుంది. ఆమె మాట నమ్మాలా వద్దా అన్నది చదివేవారి చేతిలో పడుతుంది. అందుకే ఒకరికి అది స్వేచ్ఛ పుస్తకం, ఇంకొకరికి ఆ స్వేచ్ఛకు తగిలే దెబ్బల పుస్తకం.

రియాలిటీ షోల్లో సమాజం ప్రతిబింబిస్తోందని చెప్పే విశ్లేషణలకు ఇంకో లెక్క వేసుకోవాలి. బిగ్‌బాస్ లాంటి షోలో ఇంట్లో కెమెరాలు ఇరవైనాలుగు గంటలూ తిరుగుతాయి, రోజూ టీవీ తెర మీదికి వచ్చేది దాదాపు గంట. ఎవరు మంచివారు, ఎవరు కపటి అన్న కథ ఆ కోతలో తయారవుతుంది. అక్కడ కనిపించే లోతైన అర్థంలో ఎడిటింగ్ టేబుల్ వాటా ఎంతో చూడకుండా మనుషుల స్వభావం మీద తీర్పులు చెప్పడం తొందరపాటు.

ఏది అర్థం, ఏది కథ

వివరణల్లో రెండు రకాల మాటలు కలిసిపోయి వస్తున్నాయి. ‘ఈ పల్లవిని ఇలా కూడా అర్థం చేసుకోవచ్చు’ అనేది ఒకటి. ‘ఈ పాటను రచయిత ఫలానా దుఃఖంలో, ఫలానా రాత్రి రాశారు’ అనేది రెండోది. మొదటిది వాదానికి నిలబడాలి. రెండోదానికి ఆధారం కావాలి: రచయిత ఇంటర్వ్యూ, పక్కనున్నవారి మాట, తేదీ. వాట్సాప్‌లో తిరిగే ‘పాట వెనక కన్నీటి కథ’లకు చాలాసార్లు ఇవేవీ ఉండవు. పాట బాగుంది కాబట్టి కథ నిజమనిపిస్తుంది, కథ విన్నాక పాట ఇంకా బాగుంటుంది. ఒకదానికొకటి జామీను ఇచ్చుకుంటాయి.

మొదటి రకానికి ఒక మోటు పరీక్ష ఉంది. పల్లవికి చెప్పిన అర్థాన్ని రెండో చరణం దాకా తీసుకెళ్లి చూడటం. ప్రియురాలు అంటే దేశమాత అన్నాక, రెండో చరణంలో ఆమె జడలో మల్లెలూ, అలిగి వెళ్లిన పుట్టింటి సంగతీ వస్తే ఆ అర్థం అక్కడే ఆగిపోతుంది. వివరణ వీడియోల్లో చాలావాటికి రెండో చరణం దాకా వెళ్లే ఓపిక ఉండదు. షార్ట్స్, రీల్స్ వచ్చాక పాట ముప్పై సెకన్లకు కుదించుకుపోయింది. స్టేటస్‌లో పెట్టుకోదగ్గ ఒక్క వాక్యం ఉంటే చాలు. చరణాలే వినబడని చోట అర్థాన్ని సరిచూసుకునే చోటు కూడా ఉండదు.

దీనికి తోడు విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలు, ఇక్కడి ఇంగ్లీష్ మీడియం పిల్లలు కూడా పాటల సాహిత్యాన్ని ఇంగ్లీష్ అక్షరాల్లోనే చదువుతున్నారు. ఆ రాతలో కల, కళ, కాల, కాళ నాలుగింటికీ చాలాసార్లు ఒకే స్పెల్లింగ్. ‘నీ కల నాకు చాలు’ అన్నా, ‘నీ కళ నాకు చాలు’ అన్నా వాక్యం నిలబడుతుంది. మొదటిది నిద్రలో కనిపించిన మనిషి గురించి, రెండోది ఆ మనిషి ముఖంలో వెలుగు గురించి. పాడినవారు ‘ల’ అన్నారో ‘ళ’ అన్నారో విని తేల్చుకోవచ్చు, వాళ్లు ఆ తేడా పలికి ఉంటే. పలకకపోతే మళ్లీ రెండో చరణం దాకా వెళ్లాల్సిందే. అక్కడ నిద్ర ఉందో, అద్దం ఉందో చూసుకోవాలి.